పేపర్లో పడని నెంబరు

మా అత్త పోయిందని పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది పక్కింటావిడ. మా ఆయన స్నానం చేస్తుంటే నేనే ఎత్తాను. ముందు రోజు సాయంత్రమే అత్త నాతో పావుగంట మాట్లాడింది. కొత్తగా వచ్చిన చింతపండులో నీళ్ళు చల్లి తూకం పెంచారని అనుమానం చెప్పింది. అందుకని నాకు నమ్మకం కలగలేదు. "నువ్వు లోపలికి పోయి చూశావా, ఎవరన్నా చెప్తే చేశావా?" అని అడిగాను. ఆమెకు కోపం వచ్చి ఫోన్ పెట్టేసింది. ఎదురింటికి చేస్తే వాళ్ళూ అదే మాట చెప్పారు. ఈ రెండిళ్ళ వాళ్ళూ కూడబలుక్కుని చెబుతున్నారేమోనని ఒక క్షణం అనిపించింది. అలా అనిపించగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆ బుద్ధి నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. ఆమె దగ్గర అంటుకున్నది.

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. మా అత్త దయామయి, ఎవరినీ ఒక మాట అనదు అని రాస్తే ఆత్మకూరులో ఆమెను ఎరిగినవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. ఆమె అనుమానపు మనిషి. ఉదయగిరి కొండ కింద గొర్రెలు కాసే ఇంట్లో పుట్టింది. చదువు లేదు. సంతలో గొర్రెను కొనేటప్పుడు అమ్మేవాడి మాటలు చెవిన పెట్టేది కాదు. నోరు తెరిచి పళ్ళు చూసి, వెన్ను మీద చెయ్యి వేసి, నాలుగడుగులు నడిపించి చూసేది. మనుషులనూ ఇంచుమించు అలాగే చూసేది. పెళ్ళిచూపులకు చేజర్లలో మా ఇంటికి వచ్చినప్పుడు నన్ను లేచి నడవమంది. నడవమనడం అప్పట్లో మామూలే. ఈమె రెండుసార్లు నడిపించింది. మా నాయన ముఖం మాడ్చుకున్నాడు.

ఆమె వయసులో ఉన్నప్పుడు ఒకసారి వింజమూరు బస్టాండులో ఎవరో ఉదయగిరి బస్సని చెప్పి కావలి బస్సు ఎక్కించారట. చంకలో పసిబిడ్డతో కావలి దాకా పోయి, ఆ రోజంతా అక్కడే ఏడ్చుకుంటూ ఉండిపోయింది. అప్పటినుంచి ఏ బస్సు ఎక్కాలన్నా ముగ్గురిని అడిగేది. "ఇద్దరు ఒకే మాట చెప్తే వాళ్ళు మాట్లాడుకోని ఉంటారు. మూడో మనిషిని అడగాల" అనేది. నేను బోర్డు చదివి చెప్పినా నన్ను ఆ ముగ్గురిలో ఒకదాన్నిగానే లెక్క వేసేది.

తొంభైల చివర్లో సంగతి నేను చెప్పబోయేది. మా మామ నేను ఆ ఇంటికి రాకముందే పోయాడు. మా ఆయన వింజమూరులో గుమాస్తా. పొద్దున బస్సెక్కితే పొద్దుగూకి వచ్చేవాడు. నేను డిగ్రీలో కంప్యూటర్ ఒక సబ్జెక్టుగా చదివాను. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు పైన ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టారు. అక్కడ నెట్‌వర్కింగ్ అంటే కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం నేర్పుతారని, దానికి ఒక అంతర్జాతీయ సర్టిఫికెట్ పరీక్ష ఉంటుందని, అది పాసైతే నెల్లూరులో ఉద్యోగం దొరుకుతుందని తెలిసింది. పరీక్ష రాయడానికి చెన్నై పోవాలి. ఫీజు మా ఆయన నెల జీతానికి పైనే. మా ఆయన సరేనన్నాడు. అత్త వారం రోజులు ఏమీ అనలేదు. తర్వాత తన షరతు చెప్పింది.

"ఒక్కసారి రాయి. పాసైతే ఉద్యోగానికి పో. కాకపోతే ఇంక ఈ ఇంట్లో చదువు మాట ఎత్తబాక. ఇంకొకటి. ఆడికి నేను కూడా వస్తా."

"నువ్వెందుకత్తా?"

"తలుపులు మూసుకోని, అద్దాలకు నల్లకాయితం అంటించుకోని చదివే చదువేంది? బడి అంటే బయటికి వినపడాల."

"లోపల ఏసీ ఉంటాది. చల్లగా లేకపోతే కంప్యూటర్లు పాడైపోతాయంట."

"ఎవరు చెప్పినారు?"

"అక్కడ సారు."

"ఆయప్పకు ఉక్కగా ఉంటాదేమోలే" అంది.

అప్పట్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో పోనిచ్చేవారు కాదు. దుమ్ము పడుతుందని గుమ్మం బయటే విప్పించేవారు. మా అత్త ఆ చెప్పుల పక్కన గోనెపట్టా పరుచుకుని, మెట్ల మీద వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చునేది. లోపల ఎవరున్నారో ఆమెకు చెప్పులను బట్టే తెలిసేది. "ఆ టైరు చెప్పులాయన నిదానస్తుడు. ఆ బెల్టు చెప్పులోడు ఉండాడే, వాడికి ఒక పక్కే అరిగిపొయ్యుండాది. వాడితో మాట్లాడబాక" అని ఇంటికి వచ్చేటప్పుడు చెప్పేది. ఆ బెల్టు చెప్పులు మా సారువి. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండిపోయేది. నా మీద కాపలా కూర్చుంటుందని, సాయంత్రం కొడుకు రాగానే అన్నీ మోస్తుందని నా అనుమానం. ఆమె నన్ను కనిపెట్టుకుని ఉంటే నేను ఆమెను కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఒక సాయంత్రం నేను వంటింట్లో ఉండగా ఇంటి ముందు పంచలో ఆమె గొంతు తగ్గించి మా ఆయనతో చెప్పడం వినిపించింది. "ఆ మనిషి సంగతి నాకు బాగాలేదురా. లోపల ఒకటి, బయట ఒకటి." ఆ మాట నా గురించే అనుకున్నాను. రాత్రి మా ఆయన ఏమీ అడగలేదు. అడగకపోవడం ఇంకా అనుమానంగా ఉండి తెల్లవారాక నేనే ఆమెను నిలదీశాను.

"నా గురించి ఆయనకేం చెప్పినావు?"

"నీ గురించా? నీ గురించి చెప్పేదానికి ఏముండాది? మీ సారు గురించి చెప్పినా. మీరు ఏదన్నా అడిగితే నీళ్ళు తాగొస్తానని బయటికొస్తాడు. నీళ్ళు తాగడు. మెట్లకాడ కిటికీలో ఒక పుస్తకం పెట్టుండాడు. అది తిరగేసి చూసుకోని లోపలికి పోయి మీకు చెప్తావుండాడు. ఆయప్పకే రాదు మే."

నేను నమ్మలేదు. ఆ రోజే క్లాసులో అక్కర్లేని ప్రశ్న ఒకటి అడిగాను. సారు సుద్దముక్క కింద పెట్టి, "ఒక్క నిమిషమమ్మా, నీళ్ళు తాగొస్తా" అన్నాడు. తలుపు సందులోంచి చూశాను. కిటికీ దగ్గర పుస్తకం తిప్పుతున్నాడు. రెండడుగుల దూరంలో మా అత్త గోనెపట్టా మీద కూర్చుని ఎటో చూస్తున్నట్టు నటిస్తోంది.

సారు చెడ్డవాడని నేననను. తర్వాత ఒకరోజు ఆయనే ఒప్పుకున్నాడు, తను ఆ పరీక్ష ఒకసారి తప్పాడట. రెండోసారి రాయడానికి స్తోమత లేక పాఠాలు చెప్పుకుంటున్నాడు. ఒక చోటి కంప్యూటర్లను ఇంకో చోటి వాటితో కలిపే రౌటర్ అనే పెట్టెను ఆయనా చూడలేదు, మేమూ చూడలేదు. బోర్డు మీద ఒక సున్నా చుట్టి ఇదే రౌటర్ అనేవాడు. మా చేతికి జిరాక్సు కాగితాల కట్ట ఒకటి ఇచ్చాడు. పరీక్షలో వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు. "ఇవి బట్టీ పడితే చాలు, పుస్తకం అక్కర్లేదు" అన్నాడు. క్లాసులో అందరం అదే పని మొదలుపెట్టాం.

మధ్యాహ్నం పూట పంచలో అత్త వేరుశనక్కాయలు ఒలుస్తుంటే నేను ఎదురుగా కూర్చుని ఆ కట్ట చదివేదాన్ని. రెండు రోజులు చూసి ఆమె, "కాయితం ఇటియ్యి. నేను పట్టుకుంటా, నువ్వు చెప్పు" అంది. కాగితం తలకిందులుగా పట్టుకుంది. ఆమెకు అందులో ఒక్క అక్షరం రాదు. నేను గడగడా చెప్పుకుపోతుంటే నా ముఖం చూస్తూ ఉండేది. మధ్యలో ఆపి, "ఇది నీకు రాదు" అనేది. ఇంకో చోట, "ఇది వచ్చు, పో" అనేది. ప్రతిసారీ ఆమె చెప్పిందే నిజం. ఎలా తెలుస్తుందని అడిగితే చాలా రోజులు చెప్పలేదు. చివరికి చెప్పింది.

"వచ్చింది చెప్పేటప్పుడు నువ్వు చేతులాడిస్తావు. రానిది చెప్పేటప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుంటావు."

ఆ తర్వాత ఊరికే వినడం మానేసి అర్థం చెప్పమనేది. ఒక కంప్యూటర్ ఇంకోదానితో మాట కలిపే ముందు ఇది పిలుస్తుంది, అది పలికి తనూ ఎదురు పిలుస్తుంది, ఇది మళ్ళీ పలుకుతుంది, అప్పటిగ్గాని అసలు సంగతి మొదలుకాదు అని చెప్పాను. ఆమెకు అది బాగా నచ్చింది. "మంచిదే. ఒక్కసారి పలకంగానే నమ్మేస్తే ఎట్ట" అంది. ఆ రోజంతా నా మీద ప్రేమగా ఉంది.

ఒకరోజు శనక్కాయలతోనే ఆమె నన్ను పట్టుకుంది. ముప్పై రెండు కాయలు నేల మీద వరసగా పేర్చి, ఇదొక వీధి, ఇవి ఇళ్ళ నెంబర్లు అన్నాను. మొదటి నెంబరు వీధికే పేరు. చివరి నెంబరు వీధి మొత్తానికి దండోరా వేయడానికి. ఆ రెండింట్లో ఎవరూ కాపురం ఉండకూడదు. ఆమె తల ఊపింది. అలాంటి వీధిలో ఎన్ని కంప్యూటర్లు కాపురం పెట్టొచ్చని కట్టలో ఉన్న ప్రశ్న చదివి జవాబు చెప్పాను, ముప్పై రెండు అని.

"చేతులు ఒళ్ళోకి పొయినాయి" అంది.

"కాగితంలో అదే ఉండాది అత్తా."

"కాయితంలో ఉంటే? రెండు తీసెయ్యాలని ఇప్పుడే చెప్పినావు గదా. ముప్పైయే గదా కాపురాలు."

కాయలు మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పైయే సరి. ఎక్కడో ఎవరో తప్పు రాశారు. ఆత్మకూరులో మేమంతా దాన్ని భక్తిగా బట్టీ పడుతున్నాం. ఆ సాయంత్రం సెంటర్‌లో ఉన్న అసలు పుస్తకం తెచ్చుకుని కట్టలో ప్రతి జవాబునూ దానితో పోల్చి చూశాను. చాలా తప్పులు దొరికాయి. కట్టను పక్కన పెట్టి మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. నాతో చదివినవాళ్ళకు చెప్తే, "మీ అత్త చెప్పిందా?" అని నవ్వారు.

సెంటర్లో చేరిన ఆరు నెలలకు చెన్నై పోయాం. మా ఆయనకు సెలవు దొరకలేదు, అత్తే వచ్చింది. నెల్లూరులో బస్సు మారేటప్పుడు ముగ్గురిని అడిగింది. పరీక్ష జరిగే చోట అద్దాల తలుపు, లోపల ఒక్కొక్కరికి ఒక్కో అర, పైన కెమెరా. సంచి బయటే పెట్టమన్నారు. అత్త ఆ సంచిని కాళ్ళ మధ్య పెట్టుకుని బల్ల దగ్గరున్న అమ్మాయిని అడగడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి తెలుగు కొంచెం వచ్చు.

"లోపల సారు ఎవరు?"

"సారు లేరమ్మా. కంప్యూటరే ప్రశ్నలు అడుగుతుంది."

"దిద్దేదెవరు?"

"అదే దిద్దుతుంది."

"అడిగేది అదే, దిద్దేది అదేనా? అది తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాల?"

ఆ అమ్మాయి నన్ను లోపలికి పంపేసింది. గంటన్నర తర్వాత చివరి మీట నొక్కాను. తెర ఒక క్షణం ఖాళీగా నిలబడింది. తర్వాత మార్కులు, పక్కన పాస్ అని వచ్చాయి. కాగితం ఒకటి అచ్చయి వచ్చింది, దాని మీద ఉబ్బెత్తు ముద్ర గుద్ది చేతికిచ్చారు. బయటికి వచ్చి "అత్తా, పాసైనాను" అన్నాను.

"ఎవరు చెప్పినారు?"

"కంప్యూటర్. ఇదిగో కాగితం."

"రాసి బయటికి రాకముందే పాస్ అని కాయితం ఇస్తారా ఎక్కడన్నా? దిద్దొద్దా?"

కాగితం అటూ ఇటూ తిప్పి ముద్ర మీద వేలు రాసి చూసింది. బల్ల దగ్గరి అమ్మాయిని అడిగింది. నా తర్వాత బయటికి వచ్చినామెను అడిగింది. ఇద్దరూ పాస్ అనే చెప్పారు. మెట్ల మీద ఒకాయన టక్ చేసుకుని తల పట్టుకుని కూర్చున్నాడు. గూడూరు మనిషట. అత్త పోయి ఆయన పక్కన కూర్చుంది.

"నువ్వు కూడా పాసేనా నాయనా?"

"లేదమ్మా, ఫెయిల్" అన్నాడాయన. కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఫెయిలైనోళ్ళు కూడా ఉండారు. అయితే ఇది ఉత్తుత్తి పరీక్ష కాదు" అంది.

"అయితే నేను పాసైనట్టే కదా?"

"పేపర్లో పడనీ, చూద్దాం."

ఇప్పటివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. మా ఇళ్ళలో అప్పట్లో పాసవడమంటే పేపర్లో నెంబరు పడటమే. పదో తరగతి రాస్తే నెలల తరబడి ఎదురుచూసి, పేపరు వచ్చిన రోజు చిన్న చిన్న అంకెల మధ్య మన నెంబరు వెతుక్కుని, ఇంకొకరికి చూపించి ఖాయం చేసుకునేవాళ్ళం. నిజానికి నాకూ లోపల భయంగానే ఉంది. ఆ యంత్రం ఎక్కడో పొరబడి, రేపో ఎల్లుండో కాదని ఉత్తరం వస్తుందేమోనని.

మర్నాటి నుంచి అత్త పేపరు తెప్పించడం మొదలుపెట్టింది. ఎదురింట్లో బడిపంతులుగా రిటైరైన అయ్యవారు ఒకాయన ఉండేవాడు. ఆయన చేత మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికించేది. ఇది పేపర్లో వచ్చే పరీక్ష కాదని నేను చెప్పి చెప్పి విసిగిపోయాను. "బర్రె తప్పిపోతే వేస్తారు, మనిషి పాసైతే వెయ్యరా?" అని నా మీదికే వచ్చేది. రెండు వారాలు గడిచాయి. నెంబరు పడలేదు. వీధిలో మాటలు మొదలయ్యాయి. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు మాట మార్చేవాళ్ళు. మా ఆయన కూడా ఒకరోజు అన్నం తింటూ, "ఆ కాగితం ఒకసారి ఇవ్వు, మా ఆఫీసులో చూపిస్తా" అన్నాడు. నేను ఇవ్వలేదు.

అయ్యవారు ఒక పొద్దున పేపరు మడిచి మా పంచలో కూర్చుని, నేను లోపల ఉన్నానని తెలిసే గొంతు పెంచాడు.

"చూడమ్మా, నీ మంచికి చెప్తావుండా. మద్రాసులో ఎట్టాంటి కాయితమైనా గుద్దిస్తారు. నీ కోడలు మంచిదే. కానీ పేపర్లో లేనిదాన్ని మనం ఎట్ట నమ్మేది?"

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. అత్త చేటలో బియ్యం ఏరుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అయ్యోరా, అది పాసైందో లేదో నాకు తెలవదు. ఆ కాయితం నాకు చదవను రాదు. కానీ దానికి వచ్చు. ఆర్నెల్లు దాని మొకం చూస్తా కూసున్నా. రానిది వచ్చని చెప్పిన నాడల్లా నేనే పట్టుకున్నా. దానికి వచ్చు. నువ్వు రేపట్నించి పేపరు తేబల్లేదు."

నాకు సంతోషమూ కలిగింది, కోపమూ వచ్చింది. వచ్చు అంటుందే గాని పాసైంది అనదు. ఆ ఒక్క మాట ఆమె నోటి నుంచి వినాలని నేను ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

నెల్లూరులో ఒక ఆఫీసువాళ్ళు పిలిచారు. వాళ్ళ బ్రాంచీలన్నింటినీ ఫోన్ లైన్ల మీద కలుపుతున్నారట. అక్కడి మేనేజరూ కాగితం చూసి పెదవి విరిచాడు. ఇలాంటివి తెచ్చేవాళ్ళు రోజుకొకరు వస్తున్నారంటూ, ఒకదానితో ఒకటి మాట్లాడని రెండు కంప్యూటర్లు నా ముందు పెట్టి సరిచేయమన్నాడు. అక్కడే మొదటిసారి రౌటర్‌ను చూశాను. అది గుండ్రంగా లేదు, పలకలా చదునుగా ఉంది. ఒక కంప్యూటర్‌లో మాస్కు తప్పు వేసి ఉంది. వీధి హద్దు తప్పుగా గీసినట్టన్నమాట. కనిపెట్టి సరిచేసి చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. అత్త ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. విషయం చెప్తే, "జీతం ఇచ్చిన్నాడు చూద్దాం" అంది.

మొన్న కర్మ రోజు బంధువులంతా చేరి ఆమె అనుమానాల కథలు చెప్పుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. మా ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంటూ నన్ను అడిగింది, "వదినా, నిన్నన్నా ఎప్పుడన్నా నమ్మిందా మాయమ్మ?" అని. అంతమందిలో ఆమెకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున ఏడు గంటలకు ఆత్మకూరు బస్టాండుకు ఇద్దరం వచ్చాం. నెల్లూరు బస్సు కిక్కిరిసి ఉంది. ఎప్పటిలాగే ఆమె నా వెంట వస్తుందనుకుని కిటికీలోంచి చేతిరుమాలు వేసి ఇద్దరికీ చోటు పట్టాను. లోపలికి పోయి కూర్చుని పిలిచాను. ఆమె కింద నిలబడి నా అన్నం క్యారేజీ కిటికీలోంచి అందించింది.

"ఎక్కత్తా, బస్సు కదిలేటట్టుండాది."

"నేనెందుకు? నువ్వు పో" అంది.

బస్సు బయలుదేరే దాకా నిలబడి చూస్తుందనుకున్నాను. నిలబడలేదు. కొంగు తల మీదికి లాక్కుని, అనంతసాగరం పోయే ఆటోల మధ్యలోంచి ఇంటివైపు నడక మొదలుపెట్టింది. నేను కిటికీ ఊచలకు ముఖం ఆనించి, ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని చూస్తున్నాను. పక్క సీటులోకి ఎవరన్నా వస్తారా అని కండక్టర్ అడిగాడు. రారని చెప్పి రుమాలు తీసేశాను. నేను పాసయ్యానని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. బస్సు మలుపు తిరిగేదాకా నీలం చీర కట్టిన ఆమె వీపు కనబడుతూనే ఉంది. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.